నరం కాదు, నాళం

మా వదినను మా వీధిలో దోమక్క అంటారు. వెనకాల కాదు, ఎదురుగానే అంటారు. "దోమక్కా, రేపు పొద్దున్నే ఖాళీ కడుపుతో రానా?" అని కిటికీలోంచి అడుగుతారు. "రా, కానీ నీళ్ళు మాత్రం తాగి రా. ఎండిపోయి వస్తే నాకు పని ఎక్కువ" అంటుంది వదిన. ఆ పేరు పెట్టింది మూడిళ్ళ అవతలి దర్జీ మనవరాలు. నాలుగేళ్ళ పిల్ల. రక్తం తీయించుకున్నాక ఏడవకుండా వదిన మొహంలోకి చూసి "నువ్వు దోమవా?" అని అడిగిందట. "అవునమ్మా, కాకపోతే నేను కుట్టినచోట దురద పెట్టదు" అందట వదిన. దాంతో పేరు ఖాయమైపోయింది.

నేను ఆవిడ ఆడపడుచుని. బడిలో ఎనిమిదో తరగతికి సైన్సు చెబుతాను. కింది వాటాలో అన్నయ్యా వదినా, పై వాటాలో నేను. ఆడపడుచు అనగానే మీ మనసులో ఏదో బొమ్మ కదులుతుంది, తెలుసు. కదలనివ్వండి. నాకు నోరు కాస్త ఎక్కువే, ఒప్పుకుంటాను. ఈ కథలో నేను చేసిన తప్పు కూడా నోటితో చేసినదే. అందుకని ఇంకొకరు చెప్పేకంటే నేనే చెప్పడం మర్యాద.

వదిన పనిచేసే ల్యాబు రెండు గదులు. ముందు గదిలో ఆరు కుర్చీలు, ఒక గోడ గడియారం. వెనక గదిలో చెయ్యి ఆన్చుకునే పలక ఉన్న కుర్చీ, రంగురంగుల మూతల గొట్టాలు, చిన్న ఫ్రిజ్, గొట్టాలను గిరగిరా తిప్పే యంత్రం. పొద్దున ఆరున్నరకే కుర్చీలు నిండిపోతాయి. అందరూ ఏమీ తినకుండా వచ్చినవాళ్ళే కాబట్టి అందరికీ కోపం ముక్కు మీదే ఉంటుంది. వదిన వాళ్ళను కూర్చోబెట్టి, మాటల్లో పెట్టి, వాళ్ళ పక్కింటివాళ్ళ గొడవ సగంలో ఉండగానే సూది తీసేసి దూది పెడుతుంది. "అయిపోయిందా?" అంటారు. "ఎప్పుడో అయిపోయింది, మీరు చెప్పండి, ఆ గోడ సంగతి ఏమైంది?" అంటుంది.

ఆవిడ అక్కడ చేరింది గొట్టాల మీద పేర్లు రాసే పనికి. పదో తరగతి తప్పింది, అదీ సైన్సులో. పెళ్ళైన కొత్తలో ఆ సంగతి నేను నాలుగైదుసార్లు నవ్వుతూ గుర్తు చేశాను. నవ్వుతూ అన్నంత మాత్రాన మాట మెత్తబడదని అప్పట్లో నాకు తెలియదు. ల్యాబులో అప్పట్లో రక్తం తీసే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. ఆయనకు చేతులు వణకడం మొదలయ్యాక వదినను పిలిచి, పుస్తకంలో ఒక కాగితం కింద తలవెంట్రుక పెట్టి, కళ్ళు మూసుకుని అదెక్కడుందో వేలితో చెప్పమన్నాడు. చెప్పగలిగాక రెండు కాగితాలు, తర్వాత మూడు. ఐదు కాగితాల కింది వెంట్రుక దొరికిన రోజున సూది పట్టుకోవడం నేర్పాడు. ఆ తర్వాత సాయంకాలం తరగతులకు వెళ్ళి సర్టిఫికెట్టు కూడా తెచ్చుకుందనుకోండి. కానీ ఇవాళ్టికీ వదిన కళ్ళు మూసుకునే వెతుకుతుంది. పసిపిల్లల బొద్దు చేతుల్లో, ముసలివాళ్ళ ఎండు చేతుల్లో, ఎక్కడున్నా వేలికి తగులుతుంది.

వదినకు ఒక్క మాట మీద మాత్రం ఒళ్ళు మండుతుంది. "నరం దొరకలేదా అక్కా?" అని ఎవరైనా అడిగారా, అయిపోయారన్నమాటే. మనకు అన్నీ నరాలే కదా. చెయ్యి తిమ్మిరెక్కితే నరం, మెడ పట్టేస్తే నరం, చేతిమీద పచ్చగా కనబడేది నరం, కోపం వస్తే కణత మీద ఉబ్బేది నరం. ఆఖరికి నాలుకకు లేనిది కూడా నరమే.

"నీళ్ళ గొట్టాన్ని పట్టుకుని కరెంటు తీగ అంటే ఎలాగండీ?" అంటుంది వదిన. "నరంలో కబురు వెళుతుంది. నాళంలో రక్తం వెళుతుంది. నేను గుచ్చేది నాళాన్ని. నిజంగా నరంలో గుచ్చితే మీ కేక మీ ఇంటిదాకా వినబడుతుంది."

నాకు లోలోపల నవ్వొచ్చేది. ధమని, సిర, కేశనాళిక అని బల్ల మీద కర్రతో కొట్టి మరీ పిల్లల చేత వల్లె వేయించేదాన్ని నేను. బడి గేటు దాటాక నాకూ అన్నీ నరాలే. పదో తరగతి తప్పినావిడ నా మాట దిద్దడమేమిటని కాస్త ఉక్రోషం కూడా ఉండేది.

ఇక మా అన్నయ్య. ఇరవై ఆరేళ్ళుగా కరెంటు మీటర్లు చూసే ఉద్యోగం. భుజాన సంచీ, చేతిలో చిన్న యంత్రం, ఇంటింటికీ నడక. ఏ ఇంటి మీటరు మెట్ల కింద ఉందో, ఏ ఇంటి కుక్క కరుస్తుందో, ఏ ఇంటి కుక్క ఊరికే మొరుగుతుందో అన్నీ కంఠతా వచ్చు. మూడంతస్తుల మెట్లు చకచకా ఎక్కేసేవాడు. ధైర్యస్తుడే, కరెంటుతో చెలగాటం ఆడినవాడే. కానీ సూది అంటే పారిపోతాడు. ఊరందరి చేతులూ పట్టుకున్న ఆవిడకు కట్టుకున్నవాడు ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి చెయ్యి ఇవ్వలేదు. "ఇంట్లో నిన్ను భరిస్తున్నాను, అది చాలదూ?" అనేవాడు. "మీ రక్తంలో ఏముందో నాకు తెలియదా, సగం టీ, సగం వంకలు" అనేది వదిన. ఇద్దరికీ అదొక ఆట. ఆ ఇంట్లో నవ్వుకు ఎప్పుడూ కరువు లేదు.

సరే, అసలు కథ నిరుడు మొదలైంది. ముందు బజారంతా అన్నయ్యకు కబుర్లు ఎక్కువయ్యాయని నవ్వుకుంది. మీటర్లు చూసే మనిషి మందుల కొట్టు దగ్గర ఆగుతాడు, బట్టల కొట్టు దగ్గర ఆగుతాడు, మళ్ళీ రెండువందల అడుగులు వేసి గడియారాలు బాగుచేసే ఆయన కిటికీ దగ్గర ఆగుతాడు. "మీ అన్నగారికి గడియారాల మీద మోజు పుట్టిందమ్మా, రోజూ నిలబడి చూస్తారు" అని ఆయన నాతో గొప్పగా చెప్పాడు. అన్నయ్యకు టైమంటే లెక్కే లేదు, ఇదేం మోజు అనుకున్నాను.

ఒక ఆదివారం పొద్దున పై వాటాకు వచ్చి, మెట్ల చివర కాసేపు నిలబడి, అప్పుడు చెప్పాడు.

"బుజ్జీ, ఎడమ పిక్క పట్టేస్తోందే. రెండువందల అడుగులు వేస్తే చాలు, ఎవరో గట్టిగా పిండినట్టుంటుంది. రెండు నిమిషాలు నిలబడితే మాయం. మళ్ళీ నడిస్తే మళ్ళీ వస్తుంది."

"అదేమిటి?"

"ఏముంది, నరం. కదిలితే వస్తుంది, ఆగితే పోతుంది అంటే లూజ్ కనెక్షనే. ఇరవై ఆరేళ్ళుగా చూస్తున్నా, నాకు తెలియదా?"

కరెంటు మనిషికి ఒళ్ళంతా తీగలే అనుకోవడం సహజం. ఇంతకీ అసలు షరతు తర్వాత చెప్పాడు. వదినకు తెలియకూడదట. తెలిస్తే మొదట చెయ్యి పట్టుకుని సూది దింపుతుంది. రెండోది, సిగరెట్ల సంగతి బయటపడుతుంది. మానేశానని రెండేళ్ళ కిందట ఆవిడకు మాటిచ్చి, ఇనుప సామాన్ల కొట్టు వెనకాల రోజుకు ఎనిమిది ఊదుతున్నాడు.

నేను సరేనన్నాను. ఎందుకన్నానో కూడా చెప్పేస్తాను, దాచడం దేనికి. చిన్నప్పుడు ఏ కష్టమొచ్చినా అన్నయ్య నాకే చెప్పేవాడు. పెళ్ళయ్యాక అన్నీ ఆవిడకే. ఇన్నాళ్ళకు ఆవిడను దాటి నా దగ్గరికి వచ్చాడని లోపల ఎంత సంతోషపడ్డానో. ఆ సంతోషంలో బుద్ధి గడ్డి తింది.

నేనే నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన మంచివాడే. అన్నయ్య వైపు తిరిగి "నడిచినప్పుడే వస్తుందా, ఊరికే కూర్చున్నా ఉంటుందా?" అని అడిగాడు. అన్నయ్య నోరు తెరిచేలోపల నేను అందుకున్నాను. "ఎప్పుడూ ఉంటుందండీ. నరం లాగేస్తూ ఉంటుంది. తిమ్మిర్లు కూడా. నరాల బలహీనతే, మా నాన్నగారికీ ఉండేది." తరగతిలో జవాబు ఆలస్యమైతే నేనే చెప్పేసే అలవాటు. నరం లేని నాలుక ఎటు తిప్పితే అటు తిరుగుతుందని పెద్దలు ఊరికే అనలేదు. ఆయన అడిగిన ఆ ఒక్క ప్రశ్నలోనే రోగమంతా ఉందని నాకేం తెలుసు. నేను చెప్పిన లక్షణాలకు తగ్గట్టు మాత్రలు రాశాడు, పూసుకోవడానికి ఏదో మందు కూడా ఇచ్చాడు.

మూడు నెలలు మింగాడు. రెండువందల అడుగులు నూట ఇరవై అయ్యాయి. బూటు ఒరుసుకుని ఎడమ బొటనవేలి మీద చిన్న పుండు పడింది, అది మానలేదు. వదిన కంటపడకుండా ఇంట్లో కూడా సాక్సు వేసుకుని తిరిగేవాడు. "ఏమండీ, ఈ ఉక్కలో సాక్సులేమిటి?" అంటే "నాకు చలి" అనేవాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అడగకుండానే మరో రెండుసార్లు అన్నాడు. వదిన అనుమానంగా చూసింది కానీ, ఆ వారం ల్యాబులో పని తెమలక మరిచిపోయింది.

ఆ నెలలోనే నాకు గుండె పాఠం వచ్చింది. మా బడి పెద్ద మేడమ్ కొత్తగా ఒక పద్ధతి పెట్టింది, పాఠానికి తగ్గ పనిచేసేవాళ్ళను పిలిచి మాట్లాడించాలని. రక్తం అంటే ఇంకెవరున్నారు, వదినే. తన ల్యాబు సెలవు రోజున సంచీలో రబ్బరు పట్టీ, ఖాళీ గొట్టాలు వేసుకుని వచ్చింది. పిల్లలు నలభై మంది. వదిన గోడ మీద నా పటం చూసి ఆగిపోయింది.

"ఈ నీలం ఏమిటమ్మా?"

"అది చెడు రక్తం వదినా. సిరల్లో."

"ఇన్ని వేల గొట్టాలు నింపాను, ఒక్కసారీ నీలం రాలేదే. ముదురు ఎరుపు, లేకపోతే లేత ఎరుపు. పైగా చెడు రక్తమేమిటి, పనిచేసి అలిసిపోయి తిరిగొస్తున్న రక్తం. దాన్ని పట్టుకుని చెడు అంటే ఎలా?"

తరగతంతా ఘొల్లుమంది. పద్నాలుగేళ్ళుగా నేను నీలం అనే చెబుతున్నాను. నవ్వక ఏం చేస్తాను, నేనూ నవ్వాను.

వదిన నా చేతికే పట్టీ కట్టింది. మోచేతి మడతలో సిర ఉబ్బింది. "చూడండి, నేను కట్టింది వదులుగానే. గుండె నుంచి వచ్చే దారి లోతుగా ఉంటుంది, గోడ మందం. అది ఆగలేదు. తిరిగి వెళ్ళే దారి పైపైన ఉంటుంది, గోడ పల్చన. అదే ఆగింది. వచ్చేది వస్తోంది, పోయేది పోవడం లేదు. అందుకే ఉబ్బింది" అంది. పట్టీ విప్పితే సిర అణిగిపోయింది. నలభై మందీ మెడలు చాచి చూశారు. ఇన్నేళ్ళలో నా పటం వైపు అలా ఒక్కరూ చూడలేదు.

తర్వాత గుండె చెప్పింది. పుస్తకం మాటలేవీ వాడలేదు. "గుండె ఒకటి కాదు, పక్కపక్కనే రెండు వాటాలు, మధ్య గోడ. కుడి వాటాకు అలిసిన రక్తం వస్తుంది. అది దాన్ని ఊపిరితిత్తుల్లోకి తోస్తుంది. అక్కడ గాలి పట్టించుకుని ఎడమ వాటాకు వస్తుంది. ఎడమది దాన్ని ఒళ్ళంతా తోస్తుంది, తలలోకి, కడుపులోకి, కాలి గోటి దాకా. అందుకే ఎడమ వాటా గోడ ఎక్కువ మందం. ఒక చుట్టు తిరిగి రావడానికి ఒక్క నిమిషం. నేను మాట్లాడుతుండగానే మీ రక్తం మీ పాదాలు చూసొచ్చింది."

"కిందికి తోసింది సరే, మళ్ళీ పైకి ఎలా వస్తుంది?" అని ముందు బల్ల అమ్మాయి అడిగింది.

"పిక్క తెస్తుంది. నడిచినప్పుడల్లా పిక్క పిండుకుంటుంది, రక్తం పైకి ఎగబాకుతుంది. మళ్ళీ జారిపోకుండా దారిలో చిన్న తలుపులున్నాయి, పైకే తెరుచుకుంటాయి. కానీ పిక్క పనిచెయ్యాలంటే దానికీ తిండి కావాలిగా. తిండి తెచ్చేది గుండె నుంచి వచ్చే నాళం. ఆ నాళం లోపల పేరుకుని ఇరుకైందనుకో. కూర్చుంటే ఆ కాస్త రక్తం సరిపోతుంది. నడిస్తే సరిపోదు. పిక్క పట్టేస్తుంది. ఆగితే తగ్గుతుంది. నడిస్తే మళ్ళీ వస్తుంది. జనం దాన్ని నరం అనుకుంటారు."

చేతిలో సుద్దముక్క ఉందని కూడా మరిచిపోయాను. తేలు కుట్టిన దొంగలా నల్లబల్ల పక్కన నిలబడ్డాను.

"అడ్డు ఉందో లేదో ఎలా తెలుస్తుంది?" అంది అదే అమ్మాయి. ఆ పిల్లకు వంద మార్కులు వెయ్యాలి.

వదిన ఆ పిల్ల బూటు విప్పించి, కింద కూర్చుని, బొటనవేలికీ పక్కవేలికీ మధ్య నుంచి పాదం మీదుగా పైకి రెండు వేళ్ళు జరిపింది. "ఇదిగో, ఇక్కడ కొట్టుకుంటుంది. కొందరికి పుట్టుకతోనే ఇక్కడ అందదు. అలాంటప్పుడు చీలమండ లోపలి వైపు, ఎముక వెనకాల చూడాలి. ఏదో ఒకచోట అందాలి. రెండుచోట్లా లేకపోతే దారిలో ఎక్కడో మూసుకుపోయిందని అర్థం. ఇంటికెళ్ళి మీవాళ్ళ పాదాలు చూడండి, అదే మీ ఇంటిపని."

నలభై మందికీ ఇంటిపని. నాకూ.

వదిన దారిలో కూరగాయలకు ఆగింది. నేను ఆగలేదు. అన్నయ్య మధ్యాహ్నం భోజనానికి వచ్చి వరండాలో కాళ్ళు చాపుకుని ఉన్నాడు. ఏమీ చెప్పకుండా కింద కూర్చుని సాక్సులు లాగేశాను. పుండు చూశాను. చుట్టూ చర్మం మెరుస్తూ, పల్చగా, నలుపు తిరుగుతోంది. కుడి పాదం మీద వేళ్ళు పెట్టాను. కొట్టుకుంటోంది. ఎడమ పాదం. లేదు. కాస్త పక్కకు. లేదు. చీలమండ వెనక. లేదు. ఆ పాదం చల్లగా ఉంది.

"ఏమే, మీటరు తిరుగుతోందా?" అన్నాడు అన్నయ్య.

నాకు ఏడుపు ఆగలేదు. అప్పుడే వదిన గేటు తీసుకుని లోపలికి వచ్చింది. దాచడానికి ఇంకేం మిగిలింది. పిక్క, కొట్ల దగ్గర ఆగడం, సిగరెట్లు, డాక్టరు, ఆయన అడిగిన ప్రశ్న, నేను ఇచ్చిన జవాబు, అన్నీ ఒక్క గుక్కలో చెప్పేశాను. వదిన సంచీ కింద పెట్టి, నన్ను పక్కకు జరిపి, ఆ పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. కళ్ళు మూసుకుంది. చాలాసేపు వెతికింది. పాదం మీద, చీలమండ వెనక, మోకాలి వెనక.

"ఎన్నాళ్ళనుంచి?" అంది.

"ఏడాది" అన్నాడు అన్నయ్య నేలచూపులు చూస్తూ.

"ఊరంతా నాకు చేతులిచ్చింది. మీరు మీ పాదం నాకు చూపించలేదు." అరిచినా బాగుండేది. నెమ్మదిగా అంది. నా వైపు తిరిగి, "నువ్వు టీచరువి కదమ్మా" అంది, అంతే. పెరటి చెట్టు మందుకు పనికిరాదని మేమిద్దరం కలిసి తీర్మానించుకున్నాం మరి. ఆవిడ కళ్ళనిండా నీళ్ళు చూసి నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆ మధ్యాహ్నమే ఆసుపత్రికి వెళ్ళాం. రక్తనాళాల డాక్టరు ఒక అమ్మాయి, నా పాత విద్యార్థుల వయసు ఉంటుంది. చేతికీ చీలమండకీ పట్టీలు చుట్టి బీపీ చూసింది. ఎడమ చీలమండలో చేతిలో ఉన్నదానికి సగం కూడా లేదు. తర్వాత పెన్నులాంటి యంత్రం ఆనించి వినిపించింది. కుడి పాదంలో రక్తం ఉరికే చప్పుడు. ఎడమ పాదంలో గాలి ఊదినట్టు సన్నటి సవ్వడి.

"తొడలో నాళం మూసుకుపోయిందండీ. చుట్టూ సన్న దారుల్లోంచి కాస్త కాస్త దిగుతోంది. ఆ కాస్త రక్తంతో పుండు మానదు. ఇలాగే వదిలేస్తే వేలు తీసెయ్యాలి, ఆ తర్వాత పాదం. కుడి గజ్జలోంచి సన్న గొట్టం పంపి, లోపల బెలూన్ ఉబ్బించి దారి తెరిచే ప్రయత్నం చేస్తాను. దారి తెరుచుకుని పాదంలో నాడి కొడితే వేలు నిలుస్తుంది, పాదం నిలుస్తుంది. సిగరెట్టు మాత్రం ఇవాళే ఆఖరు."

అన్నయ్య సంచీ అడుగునుంచి పెట్టె తీసి వదిన చేతిలో పెట్టాడు. అందులో మూడు మిగిలాయి. "పాదం లేకపోతే నేను ఎందుకు పనికొస్తానే" అన్నాడు ఆవిడతో. ఎప్పుడూ వేళాకోళమే తప్ప అన్నయ్య గొంతు అలా వినలేదు నేను. వదిన ఆ పెట్టెను నలిపి, "నాకు పనికొస్తారు. నోరు మూసుకుని లేవండి" అంది.

పరీక్షలకు రక్తం కావాలన్నారు. నర్సు పట్టీ తీసుకుని రాగానే అన్నయ్య చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "మా ఆవిడ తీస్తుంది" అన్నాడు. నర్సు వదినను గుర్తుపట్టి నవ్వి సూది ఇచ్చింది. "అటు తిరగండి" అంది వదిన. "తిరగను, ఇన్నాళ్ళూ తిరిగిందే చాలు" అన్నాడు. మూడు గొట్టాలు నిండాయి. "ఇంతేనా? ఇరవై రెండేళ్ళు ఇందుకా భయపడ్డాను?" అన్నాడు. "భయపడింది నాకు, సూదికి కాదు" అంది వదిన. నర్సు కూడా నవ్వింది. అంత భయంలోనూ ఆ గదిలో మాకు నవ్వు వచ్చినందుకు ఇప్పటికీ ఆశ్చర్యంగా ఉంటుంది.

రెండు రోజుల తర్వాత పొద్దున తొమ్మిదింటికి లోపలికి తీసుకెళ్ళారు. బయట బల్ల మీద నేనూ వదినా. ఏమని మొదలుపెట్టాలో తెలియక "వదినా, నన్ను తిట్టు" అన్నాను.

"తిట్టడానికి ఓపిక లేదు. నువ్వొక్కదానివే అయితే తిట్టేదాన్ని. ఆ సాక్సులు నేనూ చూశాను. నాకు రోజుకు అరవై చేతులు పట్టుకునే తీరిక ఉంది, ఇంట్లో ఒక సాక్సు లాగే తీరిక లేకపోయింది." తలుపు వైపు చూస్తూ, "పదో తరగతి తప్పినదాన్ని కదా, నా మాట వింటారా అని నాకూ ఎక్కడో ఉండిపోయింది. గట్టిగా అడిగేదాన్ని కాదు" అంది.

ఆ మాట నేను గుచ్చిన ముల్లే. ఇన్నేళ్ళూ అక్కడే ఉంది. "తప్పు నాది వదినా" అన్నాను. ఆవిడ నా చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది.

గంటన్నర తర్వాత డాక్టరమ్మ బయటికి వచ్చింది. దారి తెరుచుకుందనే అనుకుంటున్నాననీ, పాదంలో నాడి రావడానికి కొంత సమయం పట్టవచ్చనీ, తను ఇంకో రోగిని చూసి పావుగంటలో వచ్చి పరీక్షిస్తాననీ చెప్పింది. మమ్మల్ని లోపలికి పంపించారు. అన్నయ్య వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కుడి కాలు కదపకూడదన్నారు. మందు మత్తుకు కళ్ళు సగం మూతలు పడుతున్నాయి.

వదిన మంచం చివరికి వెళ్ళింది. దుప్పటి తొలగించి ఎడమ పాదం మీద రెండు వేళ్ళు ఆన్చి కళ్ళు మూసుకుంది. నేను ఆవిడ మొహమే చూస్తున్నాను. ఐదు కాగితాల కింద వెంట్రుకను పట్టిన వేళ్ళు అవి. ఇప్పుడు చెబుతుంది, ఇప్పుడు చెబుతుంది అని చూస్తున్నాను. ఎంతకీ చెప్పలేదు. చెయ్యి మార్చింది. మళ్ళీ వెతికింది.

"కొట్టుకుంటోందా వదినా?"

"కొట్టుకుంటోంది" అంది. "కానీ ఆయనదో నాదో తెలియడం లేదమ్మా. నా గుండె నా వేళ్ళలోకి వచ్చేసింది. ఏదీ నమ్మలేకుండా ఉన్నాను. నువ్వు చూడు."

"నా వేళ్ళా? నావి సుద్దముక్క వేళ్ళు వదినా."

"చూడమన్నానా."

నేను వంగి పాదం మీద వేళ్ళు పెట్టాను. ముందు ఏమీ తెలియలేదు. పాదం వెచ్చగా ఉంది, అదొకటి తెలిసింది. కాస్త పక్కకు జరిపాను. వేలికింద ఏదో లేచి అణిగింది. మళ్ళీ లేచింది. "ఉంది" అన్నాను. వెంటనే భయం వేసింది. "నాదేమో కూడా" అన్నాను.

వదిన ఒక్క క్షణం ఆలోచించింది. మంచం పక్కగా తలవైపు వెళ్ళి అన్నయ్య మణికట్టు పట్టుకుంది. అక్కడ నాడి బలంగా కొట్టేచోట మూడు వేళ్ళు పెట్టింది. ఆ నాడి విషయంలో ఎవరికీ అనుమానం అక్కర్లేదు.

"నీ వేలికింద కొట్టుకున్నప్పుడల్లా 'ఇప్పుడు' అను. నా వైపు చూడకు. నాడి వైపే ధ్యాస పెట్టు."

నేను తల వంచుకున్నాను. ఇన్నేళ్ళలో ఎవరి బదులూ మాట్లాడకుండా, తగిలినప్పుడే నోరు విప్పడం అదే మొదటిసారి.

"ఇప్పుడు" అన్నాను. ఆగాను. "ఇప్పుడు." మళ్ళీ ఆగాను. "ఇప్పుడు."

పది దాటింది, ఇరవై దాటింది. ఒకచోట నాడి కాస్త తడబడి రెండు దగ్గర దగ్గరగా కొట్టాయి. నేనూ వెంటవెంటనే రెండుసార్లు అన్నాను. అప్పుడు వదిన గొంతులోంచి ఏడుపు వచ్చింది. తలెత్తి చూశాను. మణికట్టు వదలకుండా, మొహం అన్నయ్య భుజంలో దాచుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది.

"ఆయనదే" అంది. "పైన ఎలా కొడితే అక్కడా అలాగే వస్తోంది. ఆయనదేనమ్మా."

నేను వేలు తీయబోయాను.

"ఆపకు" అంది వదిన. "డాక్టరమ్మ వచ్చేదాకా చెబుతూనే ఉండు."

చెబుతూనే ఉన్నాను.